ఉత్తరాల డబ్బాల వెంట హంసలదీవి దాకా

ముందే చెప్పేస్తున్నాను, ఇది పోస్టాఫీసు వాళ్ళ ఎర్ర డబ్బా సంగతి కాదు. దీన్ని ఉత్తరాల డబ్బా ఆట అంటారు గానీ ఇందులో ఉత్తరాలుండవు. ఒక మిలటరీ బిస్కట్ల రేకు డబ్బా, లోపల ఒక చెక్క అచ్చు, ఒక నోటుపుస్తకం. అంతే. దాన్ని ఏ కొండ సందులోనో కాలవ గట్టునో దాచి, ఎక్కడుందో తిరకాసుగా ఒక సూచన చెబుతారు. వెతికి పట్టుకున్నవాళ్ళు తమ సొంత అచ్చు ఆ పుస్తకం మీద వేసి, డబ్బాలోని అచ్చు తాము తెచ్చుకున్న కాయితం మీద వేసుకుని, ఎక్కడిదక్కడ పెట్టేసి రావాలి. పేరు రాయకూడదు. నోటిమాట సాక్ష్యం చెల్లదు. ముద్ర ఉంటే వెళ్ళినట్టు, లేకపోతే వెళ్ళనట్టు.

దీన్ని బెజవాడకి తెచ్చింది మా వీధిలోని గోవిందయ్య గారు. ఆయన యుద్ధంలో ఇంగ్లండు సీమకి వెళ్ళినప్పుడు అక్కడ దొరలు వానలో తడుస్తూ రాళ్ళకింద డబ్బాలు వెతుక్కోవడం చూశారట. యుద్ధం అయిపోయి ఇంటికొచ్చాక ఊరికే కూర్చోలేక, అయిదు డబ్బాలు తయారుచేసి మా ఊరి కొండ దగ్గర్నుంచి సముద్రం దాకా దాచారు. ఆ అచ్చులు చెక్కించి ఇచ్చింది ఎవరనుకున్నారు? మా నాన్న. పెడనలో మాది గుడ్డల మీద అచ్చులద్దే ఇల్లు. మా ఆయనకి బెజవాడలో బట్టల కొట్టు. అచ్చులు పుట్టింటి నుంచి తెచ్చి ఇచ్చిన దాన్ని నేనే, ఆటలో మాత్రం అందరూ మగవాళ్ళే.

శివరాత్రి వెళ్ళిన రెండో ఆదివారం లోపల అయిదు ముద్రలూ తెచ్చినవాళ్ళకి ఆరో డబ్బా దాచే హక్కు ఇస్తానని గోవిందయ్య గారు అన్నారు. నాకు ఆ ఆరో డబ్బా మీద ఎంత మనసు పడిందో చెప్పలేను. అప్పటికి అందరికంటే ముందున్నది మా మరిది సత్యం. బి.ఏ. ప్యాసయ్యాడు. అతనికి మూడు దొరికాయి.

"నేనూ వెళతాను" అన్నాను.

"సూచనలు చదవాలి కదా వదినా! నీది మూడో క్లాసు."

నాకు రోషం వచ్చింది. గోవిందయ్య గారి అరుగు దగ్గరికి వెళ్ళి, "బాబాయిగారూ, అయిదు సూచనలూ ఒక్కసారి పైకి చదవండి" అన్నాను. ఆయన చదివారు. నేను విన్నాను. వెంటనే అయిదూ వరసగా ఒప్పజెప్పాను, ఆయన మధ్యలో దగ్గినచోట దగ్గుతో సహా. చెవిన పడిందంటే నా దగ్గర్నుంచి పోదు, అది మాత్రం నాకు దేవుడిచ్చాడు.

తోడుకి పెడన నుంచి మా మేనత్త సూరమ్మ వచ్చింది. "డబ్బాలేమిటే, ముద్రలేమిటే" అని తిడుతూనే పులిహోర కలిపి ఇత్తడి క్యారేజీ నింపింది.

మొగల్రాజపురం గుహలు

మొదటి సూచన: "ముగ్గురు గుమ్మాలు తెరుచుక్కూర్చున్నారు, ఇంట్లో ఎవరూ లేరు. మూడో ఇంటి అటక చూడు." గుహలని తెలియడానికి బి.ఏ. అక్కర్లేదు. తెల్లవారుతూనే అక్కడున్నాం. మూడో గుహలో మసక వెలుతురు. అత్త కింద నిలబడి, "త్వరగా కానీవే, బస్సు పోతుంది" అని ఒకటే అరుపు. నేను రాయి మీదికెక్కి చెయ్యి పెట్టి తడిమితే చల్లగా రేకు తగిలింది. అబ్బ, ఆ చల్లదనం! పెళ్ళిలో కూడా నా గుండె అంత కొట్టుకోలేదు.

కాయితం దొరకని రోజులు కాబట్టి నేను మూరెడు గుడ్డ తెచ్చుకున్నాను. కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెట్టిన పసుపురంగు గుడ్డ. సిరాకి బదులు మా నాన్న పంపిన సీసా. ఇనప ముక్కలూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్ళు. చూడటానికి రంగుండదు గానీ కరక్కాయ గుడ్డకి తగిలీ తగలగానే నల్లగా కాటుకలా మారుతుంది, కాయితం మీదైతే తుప్పు మరకలా తేలుతుంది. ప్రమిద బొమ్మ ఉన్న అచ్చుని ఆ నీళ్ళ మెత్త మీద అద్ది, గుడ్డ మీద పెట్టి పిడికిలితో ఒక్క గుద్దు గుద్దాను. నా మామిడిపిందె అచ్చు వాళ్ళ పుస్తకం మీద వేశాను. గుడ్డ చుట్టేసి పరిగెత్తాను.

బొగ్గు బస్సులో పామర్రు

పెట్రోలు కరువు ఇంకా తీరలేదు కదా, మేమెక్కింది బొగ్గు బస్సు. వెనకాల పొయ్యి, దాన్ని తిప్పడానికి ఒక మనిషి. కంకిపాడు దాటగానే ఆగిపోయింది. మగవాళ్ళంతా దిగి తోశారు. అత్త కిటికీలోంచి తల బయటపెట్టి, "నాయనా, మీరు తోసుకుంటూ పామర్రు దాకా వస్తానంటే టిక్కెట్టు డబ్బులు మీకే ఇస్తాను" అంది. కండక్టరు కూడా నవ్వాడు. ఉయ్యూరులో అణా పెట్టి బెల్లం కాఫీ తాగాం. పంచదార అన్న మాట ఎత్తితేనే ఆ హోటలాయన మమ్మల్ని సీమ దొరల్ని చూసినట్టు చూశాడు.

రెండో సూచన మాత్రం నన్ను చాలా ఏడిపించింది. "అమ్మేవాడు అరవడు, కొనేవాడు పలకడు, తువ్వాలు కింద వేళ్ళు మాట్లాడతాయి." బట్టల బేరమంటే మా కొట్లో వీధి చివరికి వినపడాలి. పలక్కుండా బేరమెక్కడుంటుంది? పామర్రులో దిగేసరికి పశువుల సంత జోరుగా ఉంది. ఇద్దరు రైతులు ఒక తువ్వాలు కింద చేతులు దూర్చి ఆకాశం వంక చూస్తున్నారు. ఒకాయన తల అడ్డంగా ఊపాడు. ఇంకొకాయన నవ్వాడు. మళ్ళీ చేతులు కలిశాయి.

"ఏం చేస్తున్నారండీ?" అని పక్కన గడ్డి అమ్మే ఆవిణ్ణి అడిగాను.

"బేరమమ్మా! వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. పక్కోడికి తెలియకూడదు గదా."

నేను అక్కడే గెంతాను. ఎద్దుల్ని కట్టే రాతిగుంజల వరస చివర గోడ సందులో డబ్బా దొరికింది. ఎండలో కూర్చుని గుడ్డ విప్పాను.

గుడ్డ మీద ఏమీ లేదు.

ప్రమిద లేదు, మచ్చ లేదు, పసుపు గుడ్డ పసుపు గుడ్డలాగే ఉంది. నోటుపుస్తకం మీద నా మామిడిపిందె వేసి చూశాను. తడి తప్ప ఏమీ కనపడలేదు. సీసా అత్తకిచ్చాను. అత్త మూత తీసి వాసన చూసి నా మొహాన పెట్టింది.

"ఇది పటిక నీళ్ళే పిల్లా! ఇనప నీళ్ళు కంపు కొడతాయి. నీకు తెలియలేదూ?"

ఎలా తెలుస్తుంది, వారం నుంచి జలుబు. మా నాన్న దగ్గర రెండు సీసాలూ పక్కపక్కనే ఉంటాయి, రెండిటికీ రంగుండదు. అద్దే ముందు పటికలో కాస్త ఎర్రరంగు కలుపుతారు, ఎక్కడ అద్దామో కనపడాలని. ఇది కలపనిది. పటిక ముద్ర కంటికి కనపడదు. చిరివేరు, అంటే ఎర్రరంగు దిగే వేరు, వేసి ఉడకబెడితేనే అది ఎర్రగా తేలుతుంది.

"సిరా కొనుక్కో" అంది అత్త.

"ఉడకబెడితే సిరా పోతుంది. ఉడకబెట్టకపోతే మొదటి ముద్ర రాదు. వెనక్కి వెళ్ళి మళ్ళీ బయల్దేరితే ఆదివారానికి అందుకోలేం."

అత్త సీసా మూత బిగించి నా చేతిలో పెట్టింది. "అయితే ఇంకేం చేస్తావు? పటికతోనే వెయ్యి" అంది.

అలా కనపడని ముద్ర పక్కన రెండో కనపడని ముద్ర వేసుకుని లేచాను. పడిందో లేదో తెలియదు. ఉడికే లోపల నీళ్ళు తగిలితే అలుక్కుపోతుంది. తడవని చోటెక్కడా అని వెతికితే క్యారేజీ ఒక్కటే కనపడింది. అందులో పులిహోర ఉంది. ఇద్దరం అక్కడే కూర్చుని నలుగురు తినే పులిహోర తిన్నాం. క్యారేజీ తుడిచి, గుడ్డ అందులో పెట్టి మూత బిగించాం.

ఘంటసాల దిబ్బ

ఘంటసాలకి ఎడ్లబండి. బండాయన చెప్పిన కబుర్లకే ఇంకో పుస్తకం రాయొచ్చు. "మా తాత ఇల్లు కట్టింది దిబ్బ ఇటుకల్తోనేనమ్మా. ఒక్కో ఇటుక మా ఆవిడ పీటంత ఉంటది" అన్నాడు. సూచనలో ఉన్నదీ అదే మాట: "ఊళ్ళోవాళ్ళు ఇక్కడ ఇటుకలు తవ్వుకున్నారు, ఇప్పుడు తవ్వితే తిడతారు." ఆ దిబ్బ మీద ఎప్పుడో బౌద్ధుల గుడి ఉండేదట. పాలరాతి ముక్కలు గడ్డిలో తెల్లగా మెరుస్తుంటాయి. డబ్బా తుమ్మచెట్టు మొదట్లో ఉంది, అచ్చు తామరపువ్వు. ఎంత ముద్దుగా చెక్కారో! మా నాన్న దగ్గర పనిచేసే చెక్కుడు మేస్త్రి చేతిపనని రేకలు చూడగానే తెలిసింది. వేశాను. ఏమీ కనపడలేదు. అయినా ఇద్దరం గుడ్డ మీదికి వంగి చూశాం, అత్త అయితే కళ్ళజోడు తుడుచుకుని మరీ చూసింది.

ఆ ఊళ్ళో ఒక ఇంటివాళ్ళు భోజనం పెట్టారు. మా వైపు గోంగూర నూరి తాలింపు పెడతాం. వాళ్ళు పచ్చి ఉల్లిపాయ కలిపి పక్కన మినప వడియాలు వేశారు. నేర్చుకుని వచ్చాను.

పులిగడ్డ: నది మీద కాలవ

ఇది చూడనివాళ్ళు తప్పకుండా చూడాలి. కృష్ణ పాయ అడ్డంగా ప్రవహిస్తూ ఉంటే, దాని మీదుగా వంతెన కట్టి, ఆ వంతెనలో కాలవని పారించారు! మేము పడవలో కూర్చుని నదిని దాటాం. నదిలో కాదు, నదికి పైన. కింద నీళ్ళు, మా పడవ కింద నీళ్ళు. సూచన కూడా అదే. అత్త పడవ అంచు గట్టిగా పట్టుకుని, "నీళ్ళని నీళ్ళ మీద మోయించినవాడు ఎవడో గానీ వాడి పెళ్ళాం ఎంత తిట్టి ఉంటుందో" అంది. సరంగు నవ్వి నవ్వి గెడ తప్పాడు. పడవ గోడకి కొట్టుకుంది. నీళ్ళు ఎగిరి మా మీద పడ్డాయి. నేను క్యారేజీని పొట్టకి హత్తుకుని ముడుచుకుపోయాను. చీర తడిసింది, జుట్టు తడిసింది. మూత తీస్తే లోపల గుడ్డ పొడిగా ఉంది. డబ్బా వంతెన మొదట్లో మెట్ల కింద దొరికింది. నాలుగు!

హంసలదీవి

అవనిగడ్డ, కోడూరు మీదుగా బండి, ఆ పైన నడక. చివరి మైలు అంతా ఇసక, ఉప్పుగాలి. నేను సముద్రాన్ని బందరులో ఒకసారి చూశాను గానీ, నది వచ్చి కలిసేచోట చూడటం ఇదే. అక్కడ నీళ్ళు రెండు రంగులుగా ఉంటాయి. ఇటు మన కృష్ణ నీళ్ళు, అటు నీలం.

"భూమి అయిపోయేచోట, తిరగేసిన నావ కింద." ఇదీ చివరి సూచన. భూమి అయిపోయింది. నావ లేదు. నావ ఉండిన గుంట ఉంది. ఇద్దరం ఇసక తవ్వడం మొదలుపెట్టాం. గంట తవ్వాం.

"ఏందమ్మా దేవులాడతన్నారు? ముక్కుపుడక పడిపోయిందా?" అని వెనకనుంచి ఒక గొంతు. చేపల గంప నెత్తిన పెట్టుకున్న మనిషి, నా ఈడుదే. పేరు నాంచారమ్మ. సంగతి చెప్పాను.

"రేకు డబ్బానా?" అంది. మొహం మారిపోయింది. "రండి" అని వాళ్ళ పాకకి తీసుకెళ్ళింది. దేవుడి గూట్లో, పసుపు రాసి బొట్టు పెట్టి, నావ బొమ్మ అచ్చు. కింద పీటగా మన బిస్కట్ల డబ్బా. నోటుపుస్తకం తడిసి అట్టలా బిగుసుకుపోయి పక్కనుంది.

"మొన్న తుపానుకి మా ఆయన పోయిన నావ మూడ్రోజులు రాలేదమ్మా. నాలుగోనాడు పొద్దున్నే ఇది ఒడ్డున దొరికింది. తెరిస్తే లోపల నావ. మధ్యాన్నానికి మా ఆయనొచ్చాడు. మరి ఇది ఎవురు పంపినట్టు?"

"అది మా గోవిందయ్య..." అంటూ మొదలుపెట్టిన అత్త నా చెయ్యి తగిలి ఆగింది. కానీ ఆ మనిషికి అబద్ధం చెప్పి ముద్ర తీసుకోవడానికి నాకు మనసొప్పలేదు. "నాంచారమ్మా, ఆ నావని చెక్కింది మా పుట్టింటి పనివాడు. ఆట కోసం చేయించాం" అన్నాను.

ఆమె గూటి వంక చూసింది, నా వంక చూసింది. "దేవుడి బొమ్మనైనా ఎవురో ఒకరు చెక్కాల్సిందే గదమ్మా" అంది.

"తీసుకుపోతారా?" అని ఆమే అడిగింది, గూటికి అడ్డంగా నిలబడి.

"వద్దమ్మా. ఒక్కసారి నా గుడ్డ మీద ముద్ర వేసుకుంటాను, చాలు."

"బయటోళ్ళు ముట్టుకోగూడదు. నేనే ఏస్తా."

కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చి, నావకి దణ్ణం పెట్టి, అచ్చు మీది పసుపుని చీర చెంగుతో తుడిచింది. పటిక నీళ్ళు అద్దింది. గాలికి గుడ్డ ఎగిరిపోతుంటే ఎడమచేత్తో అదిమి పట్టింది. "ఇప్పుడు పిడికిలితో గట్టిగా కొట్టు" అన్నాను.

"దేవతని కొడతానా? ఏం మాటమ్మా అది!"

మా ఇంట్లో అచ్చు పడాలంటే గుద్దాల్సిందే. తాకితే చాలు అనుకునే పని కాదు. ఎంత చెప్పినా వినలేదు. పసిబిడ్డ మాడు మీద చెయ్యి వేసినట్టు ఆ అచ్చు మీద అరచెయ్యి పెట్టి తీసేసింది. పడిందా? అసలు పడిందా? రెండోసారి వెయ్యమని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. అచ్చు అప్పటికే గూట్లోకి వెళ్ళిపోయింది.

చింతకాయ వేసి వండిన పచ్చి మెత్తళ్ళ కూరతో అన్నం పెట్టింది. మా పెడనకి చేప వచ్చేసరికి దాని కళ్ళు లోపలికి పోయి ఉంటాయి. ఈ కూర రుచి ఇంకా నాలిక మీద ఉంది. కానీ తింటున్నంతసేపూ నా ధ్యాస క్యారేజీ మీదే.

మా పెరట్లో రాగి బాన

ఆదివారం పొద్దున్నే ఆటవాళ్ళంతా మా పెరట్లో చేరారు. నేను ఖాళీ గుడ్డ ఎత్తి చూపించాను. సత్యం పొట్ట పట్టుకుని నవ్వాడు. "వదినా, అయిదు ఊళ్ళు తిరిగి గుడ్డ ఆరేసుకొచ్చావా?"

"ఆగవయ్యా" అని బానలో చిరివేరు పొడి, రంగు పట్టడానికి జాజి ఆకు వేసి, గుడ్డ ముంచి, మంట పెట్టాను. అత్త కర్రతో తిప్పుతోంది. నీళ్ళు వేడెక్కాయి, ఎర్రబడ్డాయి. నా కాళ్ళు నిలవడం లేదు. ఒక్కటి రాకపోయినా ఆరో డబ్బా లేదు.

"ఉడికింది వదినా, ఉప్పేసి దించు" అన్నాడు సత్యం.

అప్పుడే అత్త కర్ర మీద గుడ్డ పైకెత్తింది. "ప్రమిద!" అని అరిచాను. ఎర్రగా, మందారంలా. ఇంకో తిప్పు తిప్పితే పామర్రు ఎద్దు. తర్వాత తామర, ప్రతి రేకూ విడివిడిగా. ఆ తర్వాత వంతెన. ఆటవాళ్ళు బాన చుట్టూ మూగి, ఒక్కొక్కటి తేలినప్పుడల్లా కేకలు. గోవిందయ్య గారు ఆవిరికి కళ్ళజోడు మసకబారితే తీసి జేబులో పెట్టుకున్నారు.

అయిదోది రావడం లేదు. ఇంకో పుల్ల ఎగదోశాను. మెల్లగా నావ ముందుకొమ్ము కనపడింది, తెరచాపలో సగం. అక్కడితో ఆగిపోయింది. వెనక సగం లేనే లేదు.

"సగం నావ! మొత్తం నాలుగున్నర!" సత్యం ఎగిరాడు.

"ఉండండిరా" అంది అత్త. "దీని పక్కన ఇదేంటి?"

నావ పక్కన ఏవో మరకలు తేలుతున్నాయి. ఒకటి, రెండు, నాలుగు. వేళ్ళు! గుడ్డని అదిమి పట్టిన నాలుగు వేళ్ళు, ఎర్రగా, గీతలతో సహా. చూపుడువేలికి అడ్డంగా వల తాడు కోసిన గాటు కూడా తెల్లటి గీతలా పడింది. ఆమె చెయ్యి పటిక నీళ్ళతో తడిసిందని హంసలదీవిలో నాకైనా తోచలేదు.

గోవిందయ్య గారు గుడ్డ తీసి ఎండలో పట్టుకున్నారు. "ఈ చెయ్యి నీదేనా అమ్మా?"

నా చెయ్యి పక్కన పెట్టి చూపించాను. ఆ వేళ్ళు నావాటికంటే లావు. నాంచారమ్మ సంగతంతా చెప్పాను, మూడు రోజులు రాని నావ, గూడు, పసుపు, ఒక్క మాట కూడా వదలకుండా. ఎవరూ నవ్వలేదు. ఆ డబ్బా ఇక అక్కడే ఉండాలని, దాని కోసం ఎవరూ వెళ్ళి ఆమెని ఇబ్బంది పెట్టకూడదని గోవిందయ్య గారు అప్పటికప్పుడు ఉత్తరువు వేశారు.

"మరి ముద్ర సంగతేంటండీ?" అన్నాడు సత్యం. "సగమే కదా?"

"సగం నావ, ఒక చెయ్యి. అక్కడికి వెళ్ళకుండా ఈ చెయ్యి ఎక్కణ్ణుంచి తెస్తుందయ్యా?" అని గోవిందయ్య గారు ఇంటికి వెళ్ళి ఖాళీ బిస్కట్ల డబ్బా ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు.

ఆరో డబ్బా దాచి మూడు వారాలైంది. నా సూచన కాయితం మీద రాయలేదు, నోటితోనే చెప్పాను: "కాళ్ళు తడవకుండా వెళ్ళలేవు, తల తడవకుండా రాలేవు." ఆటవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి మళ్ళీ చెప్పించుకుని వెళుతున్నారు. నిన్న సత్యం గుమ్మంలో నిలబడ్డాడు, ఒంటినిండా నీళ్ళు కారుతున్నాయి.

"వదినా, కాళ్ళూ తడిశాయి, తలా తడిసింది. డబ్బా మాత్రం లేదు."

"తడిశాయా రెండూ?" అన్నాను తువ్వాలు అందిస్తూ. "అయితే చాలా దగ్గరికి వెళ్ళి వచ్చావు."